లివర్ పెరిగిందన్న రిపోర్టు పట్టుకుని లివర్ క్లినిక్‌కి వెళితే

స్కాన్ రిపోర్టులో లివర్ పెరిగిందని ఉంటే ఆ కాగితం పట్టుకుని వెళ్లాల్సింది మందుల షాపుకి కాదు, ఇలాంటి లివర్ క్లినిక్‌కి. నా మార్కులు ముందే చెప్పేస్తాను: ఐదుకి నాలుగు. ఆ నాలుగూ డాక్టరు గారు అడిగిన ప్రశ్నలకి, లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ పరీక్ష చేసిన అమ్మాయి ఓపికకి. ఒకటి ఎందుకు కోశానో కింద రాస్తాను.

క్లినిక్ పేరు రాయడం లేదు. ఇలాంటి సేవ చాలాచోట్ల ఉంది. అక్కడ ఏం జరగాలో, జరక్కపోతే ఏం అడగాలో తెలిస్తే ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది.

నేను లెక్కల టీచర్ని, వయసు 45. మద్యం వాసన కూడా గిట్టదు. పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనన్న అనుమానంతో పొట్ట స్కాన్ తీయించుకున్నాను. రాళ్లు లేవు. కానీ లివర్ 16.8 సెంటీమీటర్లు ఉందని, పెరిగిందని, గ్రేడ్ 2 కొవ్వు పట్టిందని వచ్చింది. ఎందుకు పెరిగిందండీ అని స్కాన్ సెంటర్లో అడిగితే, అది మీ డాక్టరు చెప్పాలి అన్నారు. మా తమ్ముడు రిపోర్టు తిరగేసి, "మందు ముట్టని నీకు లివర్ పెరగడమేంటక్కా, ఎవరి రిపోర్టో నీకిచ్చుంటారు" అన్నాడు. స్టాఫ్‌రూములో ఒకావిడ ఏమీ అనకుండా నా మొహంలోకి చూసిన చూపుకి కూడా అర్థం అదే. లివర్ అనగానే సీసా గుర్తుకు రావడం మనలో చాలామందికి అలవాటు. దానివల్లే తాగని వాళ్లు తమకేం కాదని ఊరుకుంటారు, వచ్చినవాళ్లు సిగ్గుపడి దాచుకుంటారు. రెండూ ప్రమాదమే.

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఫోన్లో రెండు మాటలు చెప్పారు. పరీక్షకి ముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. వాడుతున్న మందులన్నీ, విటమిన్ మాత్రలు, పొడులతో సహా, సంచిలో వేసుకుని తేవాలి. ఈ రెండో మాట నాకు బాగా నచ్చింది. చీటీలు కాదు, డబ్బాలే తెమ్మన్నారు. చీటీలో లేనివే చాలాసార్లు లివర్‌కి చేటు చేస్తాయట.

మొదటి అరగంట యంత్రం జోలికే పోలేదు. డాక్టరు గారు స్కాన్ రిపోర్టు చూసి పక్కన పెట్టి, "లివర్ పెరగడం జబ్బు కాదమ్మా, ఒక గుర్తు. ఏ జబ్బుదో మనం వెతకాలి" అని మొదలుపెట్టారు. ఆ తర్వాత అడిగిన ప్రతి ప్రశ్న వెనక ఒక కారణం ఉంది. అర్థం కానిచోట ఆపి అడిగాను, విసుక్కోకుండా చెప్పారు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ ప్రశ్నలకే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ సేవలో అసలు సరుకు అదే.

జ్వరం వచ్చిందా, వణుకుతో వచ్చిందా, కుడివైపు పక్కటెముకల కింద నొక్కితే నొప్పా అని అడిగారు. మలేరియా, టైఫాయిడ్ లాంటి జ్వరాల్లో లివర్ వాస్తుంది. అమీబా వల్లో, బ్యాక్టీరియా వల్లో లోపల చీముగడ్డ కట్టినా పెరుగుతుంది. అలాంటప్పుడు మనిషి జ్వరంతో, నొప్పితో కుదేలై ఉంటాడు. లివర్ కండలో నొప్పి తెలిసే నరాలు లేవట. దాన్ని కప్పి ఉండే పల్చటి పొర సాగినప్పుడే బరువుగా, సలుపుగా తెలుస్తుంది. నెమ్మదిగా కొవ్వు పట్టిన లివర్ ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకపోవడానికి కారణం ఇదే.

మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, సాయంత్రానికి పాదాలు వాస్తాయా? లివర్ కోసం వస్తే గుండె సంగతి అడుగుతున్నారేమిటనుకున్నాను. గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు లివర్ గుండా పోతుందట. కుడివైపు గుండె బలహీనపడితే లివర్ నుంచి పైకి పోవాల్సిన రక్తం వెనక్కి నిలిచిపోయి లివర్ ఉబ్బుతుంది. అప్పుడు వైద్యం చెయ్యాల్సింది గుండెకి. ఈ ఒక్క ప్రశ్న అడక్కుండా కొవ్వు పట్టిందని చెప్పి పంపేస్తే ఆ మనిషి గతేమిటి? అందుకే కంచె దగ్గర కాపలాలాగా నిలబడే ఇలాంటి ప్రశ్నలు అడిగే డాక్టరు దొరకడం అదృష్టం అంటాను.

రక్తం ఎక్కించారా, పచ్చబొట్టు ఉందా, పిల్లల కాన్పుల్లో ఆపరేషన్లు జరిగాయా, ఇంట్లో ఎవరికైనా పచ్చకామెర్లు వచ్చాయా అన్నవి హెపటైటిస్, అంటే వైరస్ వల్ల లివర్ వాచే జబ్బు కోసం. ఎ, ఇ రకాలు కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తాయి. చాలామందిలో వచ్చి వాటంతట అవే తగ్గిపోతాయి. కానీ గర్భిణులకు ఇ రకం చాలా ప్రమాదం. బి, సి రకాలు రక్తంతో వస్తాయి. బి రకం తల్లి నుంచి పుట్టే బిడ్డకి, కలయిక వల్ల కూడా సోకుతుంది. ఈ రెండూ ఏళ్లపాటు లోపలే ఉండి లివర్‌ని పాడుచేస్తాయి. సి వైరస్‌ని 1989లో గుర్తించారు, ఆ పనికి సంబంధించి ముగ్గురు శాస్త్రవేత్తలకు 2020లో నోబెల్ వచ్చింది. ఇవాళ దానికి రోజూ మాత్ర వేసుకుంటే ఎక్కువ మందిలో 8 నుంచి 12 వారాల్లో పూర్తిగా పోతుంది, వందలో 95 మందికి పైగా నయమవుతారు. సి రకానికి టీకా లేదు. బి రకానికి టీకా ఉంది, కానీ ముదిరిపోయాక వైరస్‌ని అదుపులో ఉంచే మందులే తప్ప చాలామందిలో పూర్తిగా వదిలించడం ఇంకా చేతకావడం లేదు. నా రక్తంలో రెండూ లేవని తేలింది. వెంటనే టీకా చీటీ రాశారు: ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలలో ఒకటి. లివర్‌కి ఇప్పటికే ఒక ఇబ్బంది ఉన్నవాళ్లకి ఇంకోటి తోడవకూడదన్నది వారి మాట.

తర్వాత సంచీ విప్పారు. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, గుండె లయకి వాడే అమియోడరోన్, మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్, రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్, ఎక్కువకాలం వాడే స్టెరాయిడ్లు, క్షయ మందులు. వీటిలో ఏదైనా ఉందేమోనని ఒక్కొక్కటీ చూశారు. ఇలాంటివి వాడుతున్నవాళ్లు భయపడి సొంతంగా ఆపేయకూడదని, రాసిన డాక్టరుకు చెప్పి రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలని మరీ మరీ చెప్పారు. నా సంచిలో అవేమీ లేవు. బరువు తగ్గిస్తుందని ఎవరో ఇస్తే వాడుతున్న గ్రీన్ టీ సారం మాత్రలు ఉన్నాయి. డాక్టరు గారు ఆ డబ్బా చేతిలోకి తీసుకుని పక్కకి పెట్టేశారు. తాగే టీతో భయం లేదట. దాని సారాన్ని చిక్కబరిచి మాత్ర చేస్తే కొందరిలో లివర్ దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. జిమ్ముల్లో తీసుకునే కండల స్టెరాయిడ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పారాసిటమాల్ మామూలు మోతాదులో మంచి మందే. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, తాగే అలవాటున్నవాళ్లకి ఆ హద్దు ఇంకా తక్కువ. జలుబు మాత్రలో, ఒళ్లు నొప్పుల మాత్రలో కూడా అదే ఉంటుంది కాబట్టి తెలియకుండానే రెట్టింపు పడుతుందని హెచ్చరించారు.

అరుదైనవి కూడా వదల్లేదు. ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు, రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కుటుంబాల్లో నడుస్తాయి, అందుకే అన్నదమ్ముల ఆరోగ్యం అడిగారు. బరువు దానంతటది తగ్గుతోందా, మెడలో గడ్డలున్నాయా అన్నది రక్త క్యాన్సర్లు, వేరేచోట నుంచి లివర్‌కి పాకిన క్యాన్సర్లు ఉన్నాయేమో తెలుసుకోవడానికి. రెండింటికీ నా జవాబు "లేదు" అనే. అయినా ప్రశ్న విన్న ఆ క్షణం గుండె ఝల్లుమంది. కొంచెం నెమ్మదిగా, ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పి అడిగితే బాగుండేది.

పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమని, పక్కటెముకల కింద వేళ్లు ఆనించారు. ఊపిరి పీల్చినప్పుడు లివర్ కిందికి జారి వేళ్లకి తగులుతుంది. అంచు మెత్తగా, నున్నగా ఉందా, రాయిలా గట్టిగా, గడ్డలుగా ఉందా అన్నది చేతికే తెలుస్తుందట. తర్వాత ఛాతీ మీద ఒక వేలు పెట్టి రెండో చేతి వేలితో తడుతూ పై అంచు ఎక్కడుందో వెతికారు. కింద అంచు తగిలినంత మాత్రాన పెరిగినట్టు కాదు. ఊపిరితిత్తులు ఉబ్బిపోయిన వాళ్లలో అవి లివర్‌ని కిందకి నెడతాయి. కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్లకి, కుడి భాగం నాలుకలా కిందకి సాగి ఉంటుంది, దాన్ని రీడెల్ లోబ్ అంటారు, జబ్బేమీ కాదు. ఇంకో మాట విని ఆశ్చర్యపోయాను: లివర్ నిండా మచ్చలు పడి గట్టిపడే సిర్రోసిస్ బాగా ముదిరితే లివర్ పెరగదు, ముడుచుకుని చిన్నదైపోతుంది. అంటే పరిమాణం మామూలుగా ఉందని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు.

నడుము కొలత, బరువు, బీపీ రాసుకున్నాక, నా రక్తపరీక్షల కాగితం నా వైపు తిప్పి "టీచర్ గారూ, మీకిది ఇష్టమే అవుతుంది" అంటూ ఒక లెక్క వేయించారు. ఫిబ్-4 అంటారు. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి. దాన్ని, ప్లేట్‌లెట్ల సంఖ్యని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణిస్తే వచ్చినదానితో భాగించాలి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంటే రక్తంలో కొలిచే లివర్ ఎంజైములు. ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకోవాలి. నావి: వయసు 45, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షలు, అంటే 200. పైన 1800, కింద 200 ఇంటూ 8, అంటే 1600. జవాబు 1.125. ఇది 1.3 కంటే తక్కువైతే లివర్‌లో ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. 65 దాటినవాళ్లకి కింది హద్దు 2గా తీసుకుంటారు, 35 లోపు వాళ్లకి ఈ లెక్క సరిగ్గా పనిచెయ్యదు. మామూలు రక్తపరీక్షల కాగితం ఉంటే ఎవరైనా ఇంట్లో కూర్చుని వేసుకోగల లెక్క ఇది. ఇంత తేలికైన లెక్కని ప్రతి ల్యాబ్ రిపోర్టు కిందా ఎందుకు అచ్చువేయరో నాకు అర్థం కాదు.

ఇక్కడే నా ముఖ్యమైన మెప్పు. ఫిబ్-4 తక్కువ వచ్చింది కాబట్టి ఫైబ్రోస్కాన్ తప్పనిసరి కాదని వాళ్లే చెప్పారు. షుగరు ముందు దశలో ఉండటం, నడుము కొలత, స్కాన్‌లో కొవ్వు, ఇవన్నీ కలిసి ఉన్నాయి కాబట్టి ఒకసారి చూస్తే మంచిదని, ఇష్టమైతేనే చేయించుకోమని అన్నారు. పరీక్ష అమ్ముకోవాలన్న తొందర ఆ గదిలో కనబడలేదు.

ఫైబ్రోస్కాన్ ఫ్రాన్సులో పుట్టిన యంత్రం, అమెరికా ఎఫ్‌డీఏ 2013లో అనుమతించింది. వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి తలకింద పెట్టుకోవాలి. పక్కటెముకల సందులో చల్లటి జెల్ రాసి, చిన్న మైకులాంటి ప్రోబ్‌ని నిలువుగా ఆనిస్తారు. టక్‌మని ఒక చిన్న దెబ్బ తగులుతుంది. నొప్పి ఉండదు. ఆ దెబ్బ ఒక అలని లోపలికి పంపుతుంది, అల ఎంత వేగంగా పోయిందో అల్ట్రాసౌండ్ కొలుస్తుంది. గట్టిగా ఉన్న లివర్‌లో అల వేగంగా పోతుంది. లెక్కల మనిషిని కాబట్టి సూత్రం అడిగి తెలుసుకున్నాను: వేగాన్ని వర్గం చేసి మూడుతో గుణిస్తే గట్టిదనం కిలోపాస్కల్ అనే కొలతలో వస్తుంది. సెకనుకు 2 మీటర్లు పోతే 12. 3 మీటర్లు పోతే 27. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగేసరికి అంకె రెండింతలు దాటిపోయింది చూడండి. అందుకే ఈ పరీక్షలో చిన్న పొరపాటు కూడా పెద్ద అంకెగా కనిపిస్తుంది, చేసేవాళ్ల చెయ్యి అంత ముఖ్యం.

ఆ అమ్మాయి చెయ్యి మంచిది. ప్రోబ్ కొంచెం వాలినా మళ్లీ సరిచేసుకుంది. యంత్రం ఒప్పుకోని రీడింగుల్ని వదిలేసి, సరైనవి పది వచ్చేదాకా ఆగింది. "కదలకండి మేడమ్, ఊపిరి మామూలుగా తీసుకోండి, తొందరేం లేదు" అంది. నా ముందు వరసలో ఒకాయన తినేసి వచ్చారు. ఇంతదూరం వచ్చాను, చేసేయమ్మా అని బతిమాలినా చెయ్యలేదు. తిన్న తర్వాత లివర్‌కి రక్తం ఎక్కువగా పోతుంది, గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది బాబాయ్ గారూ అని నచ్చజెప్పి కూర్చోబెట్టింది. ఎస్‌జీపీటీ బాగా పెరిగి ఉన్నప్పుడు, పైత్యరసం దారి మూసుకుపోయినప్పుడు, గుండె వల్ల లివర్ ఉబ్బినప్పుడు కూడా ఇలాగే తప్పుగా ఎక్కువ వస్తుంది. పొట్టలో నీరు చేరినవాళ్లకి ఈ పరీక్ష కుదరదు. లావుగా ఉన్నవాళ్లకి వేరే పెద్ద ప్రోబ్ ఉంటుంది. వెళ్లేముందు అది ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

నా ఫలితం: గట్టిదనం 6.4 కిలోపాస్కల్. 8 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 12 దాటితే నిపుణులు లోతుగా చూడాల్సిందే. కొవ్వు అంకె 296, దీనికి 275 దాటితే కొవ్వు పట్టిందని చెప్తారు. కొవ్వుంది, ముదిరిన మచ్చ లేనట్టే. ఈ రెండు మాటలు విడివిడిగా తెలియడమే ఈ సేవ నాకిచ్చిన గొప్ప ఊరట. మామూలు స్కాన్ రిపోర్టులో గ్రేడ్ 2 అని చూసి, లివర్ సగం పోయిందనుకున్నాను. ఆ గ్రేడ్ తెరమీద కనిపించిన తెలుపుకి వేసిన గ్రేడ్, లోపలి నష్టానికి కాదు.

ఇప్పుడు కోసిన మార్కు సంగతి. చేతికిచ్చిన రిపోర్టులో రెండే అంకెలు. పది రీడింగుల మధ్యగతం వేశారు, బాగానే ఉంది, కానీ ఆ పదీ ఎంత చెదిరి ఉన్నాయో వెయ్యలేదు. రీడింగుల చెదురు మధ్యగతంలో 30 శాతం లోపు ఉంటేనే పరీక్షని నమ్మాలి. అడిగితే లోపలికెళ్లి ఇంకో కాగితం తీసిచ్చారు. నాది 0.9, అంటే 14 శాతం. మంచిదే. కానీ అడగడం తెలియని వాళ్ల మాటేమిటి? యంత్రంలో ఉన్న అంకెని కాగితం మీద వెయ్యడానికి అడ్డేముంది? రెండోది, బయట మందుల కౌంటర్లో "లివర్ టానిక్ కూడా ఇమ్మంటారా మేడమ్, ఇక్కడికొచ్చిన అందరూ తీసుకుంటారు" అన్నారు. డాక్టరు గారు రాయలేదు. వెనక్కి వెళ్లి అడిగితే, కొవ్వు పట్టిన లివర్‌ని ఏ టానిక్కూ కడగదమ్మా, దానికి నమ్మదగ్గ రుజువు లేదు అన్నారు. లోపల అంత నిజాయితీగా మాట్లాడి బయట ఇలా అమ్మనివ్వడం నాకు బాధ కలిగించింది. ఆహారం గురించి ఇచ్చిన కాగితం కూడా అందరికీ ఒకటే, నాతో మాట్లాడిన మనిషి రాసినట్టు లేదు.

కాగితం సంగతి ఎలా ఉన్నా, నోటితో చెప్పింది మాత్రం నికరంగా చెప్పారు. నా విషయంలో కారణం ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడం. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 ఉంది, అంటే షుగరు గుమ్మంలో నిలబడ్డాను. ఇన్సులిన్ మాట ఒళ్లు విననప్పుడు కొవ్వు కణాల నుంచి కొవ్వు కరిగి లివర్‌కి చేరుతుంది, మిగిలిన చక్కెరని లివరే కొవ్వుగా మారుస్తుంది. తియ్యటి పానీయాల్లో ఉండే ఫ్రక్టోజ్ ఎక్కువగా లివర్ మీదే పడుతుంది. అందుకే మొదట మానమన్నవి అవే, సీసా పండ్లరసాలతో సహా.

బరువు 78 కిలోలు. 3 నుంచి 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో వాపు తగ్గుతుంది, 10 శాతం దాకా తగ్గితే కొందరిలో మచ్చ కూడా వెనక్కి మళ్లుతుంది. నా లెక్కలో ఏడు శాతం అంటే అయిదున్నర కిలోలు. ఆకాశాన్నంటే లక్ష్యం కాదు. వారానికి అర కిలో నుంచి కిలో చాలు, ఉపవాసాలతో ఒక్కసారిగా తగ్గితే లివర్ ఇంకా దెబ్బతినొచ్చు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమన్నారు. బరువు ముల్లు కదలకపోయినా వ్యాయామం వల్ల లివర్‌లో కొవ్వు తగ్గుతుందని చెప్పడం నాకు పెద్ద ధైర్యం. ముల్లు కదలట్లేదని మానేసేవాళ్లం కదా మనందరం. చక్కెర లేని కాఫీ తాగేవాళ్లలో లివర్ మచ్చ తక్కువగా కనిపించిందని, అలవాటుంటే మానొద్దని అన్నారు. కొత్త మందుల గురించి అడిగాను. మచ్చ ఓ మోస్తరుగానో ఎక్కువగానో పడి, ఇంకా సిర్రోసిస్‌కి చేరనివాళ్లకి రెస్మెటిరోమ్ అనే మాత్రని 2024లో అమెరికాలో అనుమతించారట. నాకు దాని అవసరం లేదని ఒక్క మాటలో తేల్చేశారు.

తమ్ముడు అంతసేపూ మూల కుర్చీలో కూర్చున్నాడు. చివర్లో గొంతు సవరించుకుని, "డాక్టరు గారూ, వారానికి ఎంతవరకైతే ఫర్వాలేదండీ?" అన్నాడు. అది తన కోసం అడిగిన ప్రశ్న అని ఆవిడకి తెలిసిపోయింది. ఫర్వాలేదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది బాబూ అన్నారు. మద్యం వల్ల పట్టిన కొవ్వు పూర్తిగా మానేస్తే కొన్ని వారాల్లో చాలావరకు కరిగిపోతుంది, మచ్చ పడ్డాక ఆ సౌలభ్యం ఉండదు. మద్యం, ఒంటి బరువు, షుగరు కలిస్తే నష్టం త్వరగా ముదురుతుంది. రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం ఉన్నపళంగా సొంతంగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు, డాక్టరు పర్యవేక్షణలో మానాలి. వాడికి చీవాట్లు పెట్టలేదు, భయపెట్టలేదు. లివర్ పరీక్షలూ హెపటైటిస్ బి పరీక్షా రాసిచ్చారు. "నువ్వూ వస్తావా నాతో?" అంటే, "రాకపోతే ఊరుకుంటావా అక్కా" అన్నాడు. టీకాకి ఇద్దరం కలిసే వెళ్తున్నాం.

ఎవరు వెళ్లొచ్చంటే: షుగరు ఉన్నవాళ్లు, నడుము కొలత పెరిగినవాళ్లు, తాగేవాళ్లు, ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నవాళ్లు, స్కాన్‌లో లివర్ పెరిగిందని లేదా కొవ్వుందని వచ్చినవాళ్లు. పాత రక్తపరీక్షల కాగితాలు పారేయకుండా తీసుకెళ్లండి, అంకె ఎటు పోతోందో చూడ్డానికి అవే ఆధారం. రద్దీ ఎక్కువ, సగం రోజు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఇలాంటి క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ కోసం అస్సలు ఆగకూడని వాళ్లు కూడా ఉన్నారు. కళ్లు పచ్చబడినా, పొట్ట నీటితో ఉబ్బుతున్నా, రక్తం వాంతి అయినా, మలం తారులా నల్లగా వస్తున్నా, మనిషి మాట తడబడి మత్తుగా ఉన్నా, కుడివైపు నొప్పితో పాటు చలిజ్వరం వస్తున్నా, పారాసిటమాల్ మోతాదు మించి మింగినా, ఫైబ్రోస్కాన్ గురించి ఆలోచించకుండా నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పారాసిటమాల్ మింగినవాళ్లు మొదటి రోజు మామూలుగానే కనిపించొచ్చు. దానికి విరుగుడు మందు ఉంది, ఎంత త్వరగా ఇస్తే అంత బాగా పనిచేస్తుంది.